వంతెన కింద నిలబడే మనిషి

ఆ దళంలో అందరూ సార్జంటుని మావయ్య అనేవారు. నిజానికి ఆయన ఒక్కడికే మావయ్య. ఆయన కూతుర్ని చేసుకున్నవాడు అదే దళంలో పెద్ద లారీ నడుపుతున్నాడు. వాడి నోటి పిలుపు విని మిగతావాళ్లూ అందుకున్నారు. ఒక్క పిల్లనిచ్చి దళమంత అల్లుళ్లని నెత్తికి ఎత్తుకున్నానని ఆయన గొణిగేవాడు గానీ, ఆ పిలుపంటే లోలోపల మురిపెమే.

వాళ్ల పని వంతెనలు వేయడం. వరద పాత వంతెనని మింగేసిన చోటికి ఇనుప చట్రాలు మోసుకెళ్లి, బోల్టులు బిగించి, కొత్తది నిలబెట్టడం. ఏ పుస్తకంలోనూ రాయని ఆనవాయితీ ఒకటి వాళ్లకుంది. మొదటి బరువు బండి వంతెన దాటుతున్నంతసేపూ దాన్ని కట్టించిన అధికారి కింద నిలబడాలి. ఎవరు మొదలుపెట్టారో ఎవరికీ తెలీదు. కొత్తగా వచ్చిన అధికారులకి ఈ సంగతి చెప్పి, వాళ్లు తెల్లమొహం వేస్తే చాటుగా నవ్వుకునేవారు. నవ్వితే నవ్వారు గానీ, ఇంతవరకూ నిలబడనన్న అధికారి లేడు.

ఆ ఉదయం వంతెన సిద్ధంగానే ఉంది, ఏరే సిద్ధంగా లేదు. మళ్లీ వాన కొట్టి, ఇవతలి ఒడ్డున వంతెన ఆనిన దుంగల కింద మట్టిని నీళ్లు కోసుకుపోయాయి. పైనుంచి చూసేవాడికి అంతా బాగానే కనపడుతుంది. అవతల ఊరు ఊరంతా మేడలెక్కి కూర్చుంది. ఇవతల పిండి బస్తాలు, మందుల పెట్టెలు నింపుకున్న లారీలు బారులు తీరి ఉన్నాయి.

కర్నలు జీపు దిగాడు. చాటుగా ఆయన్ని పిడుగు అంటారు. చెడ్డవాడేం కాదు. పైవాళ్లు ఫోనులో ఆయన ప్రాణం తోడేస్తున్నారు, ఆ సెగ ఆయన కిందవాళ్లకి తగులుతోంది.

"మధ్యాహ్నంలోపు లారీలన్నీ అవతల ఉండాలి. నిండు లోడుతో," అన్నాడు.

వంతెన కట్టించిన కెప్టెను పక్కనే ఉన్నాడు. ఒక మాటకీ ఇంకో మాటకీ మధ్య టీ తాగి రావచ్చని కుర్రాళ్లు ఆయనకి నెమ్మదయ్య అని పేరు పెట్టారు.

"నిండు లోడు ఆగదు సార్," అన్నాడు కెప్టెను. "సరుకు దింపి చేతుల మీద మోయిద్దాం. ఈలోపు దుంగల కింద ఇసుక బస్తాలు పేర్చి, తర్వాత ఖాళీ బండ్లు పంపుదాం. సాయంత్రానికి అయిపోతుంది."

"సాయంత్రమా? అవతల పసిపిల్లలున్నారయ్యా."

"అందుకే సార్. బండి ఏట్లో పడితే ఇక రేపటికీ అందదు."

కర్నలు ఆయన్ని వదిలేసి సార్జంటు వైపు తిరిగాడు. "నీ సర్వీసంత లేదు ఈయన వయసు. నువ్వు చెప్పు. ఆగుతుందా, ఆగదా?"

సార్జంటు తెల్లారగానే కిందికి దిగి ఆ గొయ్యి చూసి వచ్చాడు. మోచేతి దాకా చెయ్యి దూర్చి చూశాడు. బారులో మొదటి లారీ ఎవరిదో కూడా ఆయనకి తెలుసు. అల్లుడు స్టీరింగు మీద మోచేతులు ఆనించి ఆవులిస్తున్నాడు. నిజం నాలుక చివరిదాకా వచ్చింది. కానీ పెద్దవాళ్లు అడిగినప్పుడు ఏం చెప్పాలో ఆ నాలుక ఎప్పుడో నేర్చేసుకుంది.

"తమరెలా అంటే అలా సార్," అన్నాడు.

అన్నాక ఆయనకి సిగ్గేసింది. కెప్టెను ఆయన వైపు చూడనైనా చూడలేదు. ఒక్క తిట్టు తిట్టినా బాగుండేదనిపించింది.

"విన్నారుగా. ఇది ఆర్డరు," అన్నాడు కర్నలు.

"అర్థమైంది సార్. ఇది తప్పు ఆర్డరని నేననుకుంటున్నాను. పచ్చజెండా నేను ఊపను." కెప్టెను చంకలోని రెండు జెండాలూ తీసి జీపు మీద పెట్టాడు. "మీరు ఊపితే అడ్డుపడను. కానీ ఈ వంతెన నేను కట్టించింది. బండి కదిలేసరికి నా చోట నేనుంటాను."

సెల్యూట్ చేసి, జారుడు ఒడ్డు మీద అడుగు అడుగూ చూసుకుంటూ కిందికి దిగిపోయాడు.

ఆగుతుందన్న నమ్మకంతో కింద నిలబడ్డ అధికారుల్ని సార్జంటు చాలామందిని చూశాడు. ఆగదని చెప్పి, ఆ చెప్పిన నోటితోనే వెళ్లి కింద నిలబడ్డవాణ్ణి చూడటం ఇదే మొదలు. ఆ మనిషి గొంతు పెంచలేదు, కోపం తెచ్చుకోలేదు. కొండంత పనిని కుర్చీ జరిపినంత మామూలుగా చేశాడు.

"నన్ను బెదిరిస్తున్నాడా?" అంటూ కర్నలు పచ్చజెండా చేతిలోకి తీసుకున్నాడు. అల్లుడు ఇంజను ఆన్ చేశాడు. జెండా కర్నలు నడుము దాకా లేచి, అక్కడే ఆగింది. ఆయన దాన్నీ, జీపు మీది ఎర్రజెండానీ కలిపి సార్జంటు చేతిలో కుక్కి, నిగనిగలాడే బూట్లతో ఒడ్డు దిగబోయి, సగంలో జారి, మిగతా సగం కూర్చునే వెళ్లాడు. ఎవరికీ నవ్వు రాలేదు.

"ముందు చక్రాలు మాత్రం ఎక్కించి ఆపమను," అని కిందనుంచి కర్నలు కేక వినపడింది.

లారీ ముందు చక్రాలు ఎక్కాయి. దుంగలు మూలిగాయి. గులకరాళ్లు జలజలా నీళ్లలోకి రాలాయి. కర్నలు అరచెయ్యి దుంగకి ఆనించి పైకి చూశాడు. పక్కన కెప్టెను చేతులు వెనక్కి కట్టుకుని నిలబడే ఉన్నాడు.

"వెనక్కి తియ్యమను," అన్నాడు కర్నలు.

పైకి వచ్చాక ఆయన చాలాసేపు బురద దులుపుకున్నాడు. ఆ తర్వాత అందరూ వినేలా అన్నాడు: "మీ మాట నిజమైంది. నా ఆర్డరు తప్పు. మీరు దాన్ని కాదన్నదీ నిజమే. రెండూ పైకి చెప్తాను. వాళ్లు తేల్చేదాకా ఈ వంతెన మీది కాదు."

"సరే సార్," అన్నాడు కెప్టెను. "రెండూ నిజమే."

అంతే. వెళ్లి మొదటి లారీలోంచి పిండి బస్తా భుజానికెత్తుకుని, సరుకు మోసేవాళ్ల వరసలో కలిసిపోయాడు. తప్పని తెలిసి ఒప్పుకున్నవాణ్ణీ, ఒప్పని తెలిసీ శిక్షకి తలవంచినవాణ్ణీ ఒకే పూట చూసిన సార్జంటుకి, ఇన్నాళ్లూ తను ఏ సైన్యంలో పనిచేశాడా అనిపించింది.

జెండాలు ఆయన చేతిలోనే ఉండిపోయాయి.

పొద్దు వాలేసరికి సరుకంతా అవతలికి చేరింది. దుంగల కింద ఇసుక బస్తాలు పేర్చారు. ఖాళీ లారీ వంతెన ముందుకి వచ్చి ఆగింది. ఎవరూ అడక్కుండానే కర్నలు కిందికి దిగి, పొద్దున కెప్టెను నిలబడ్డ చోటే నిలబడ్డాడు.

"త్వరగా కానియ్యి మావయ్యా," లారీలోంచి అల్లుడు తల బయటపెట్టాడు. "పిల్లనివ్వడానికి కూడా ఇంతసేపు ఆలోచించలేదు నువ్వు."

"అందుకే ఇప్పుడు ఆలోచిస్తున్నా," అని సార్జంటు కూడా దిగాడు. బస్తాల మధ్య చెయ్యి పెట్టి చూశాడు. గట్టిగానే ఉన్నాయి. ఏటి వైపు మూల మాత్రం చెయ్యి మణికట్టు దాకా లోపలికి పోయింది.

"ఏమంటావు? చీకటి పడిపోతోంది," అన్నాడు కర్నలు.

పాత మాట అలవాటుగా నాలుక మీదికి వచ్చి కూర్చుంది. సార్జంటు తల ఎత్తి వంతెన మీద కెప్టెను కోసం చూశాడు. ఆయన అవతలి ఒడ్డున వీపు దులుపుకుంటున్నాడు, ఇటు చూడటం లేదు. చెప్పాల్సింది ఇక తనొక్కడే.

"ఇంకా కాదు సార్," అన్నాడు.

అని, కర్నలు మొహం చూసే ధైర్యం చాలక, గబగబా ఒడ్డెక్కి ఎర్రజెండా ఎత్తాడు. అల్లుడు నవ్వు ఆపేసి ఇంజను కట్టేశాడు.

కిందనుంచి పిడుగు గొంతు వినపడింది.

"ఇంకో వరస బస్తాలు తెండి. మావయ్య చెప్పేదాకా బండి కదలదు."