రెండు రిజిస్టర్లు కలిసిన రోజు

గవరయ్యకు కలకత్తా ఖిదిర్‌పూర్ రేవులో పని ఉంది కానీ పేరు లేదు. గేటు దగ్గర ఆయన కూర్మయ్య. అసలు కూర్మయ్య ఆయన అన్న. పంతొమ్మిదేళ్ల కిందట శ్రీకాకుళం వెళ్లి జ్వరంతో పోయాడు. వదిన చావు డబ్బు కోసం రేవు సంక్షేమ విభాగంలో కాగితం పెట్టింది, ఆ రిజిస్టరులో కూర్మయ్య చచ్చాడు. తమ్ముడు 4417 నంబరున్న అన్న ఇత్తడి హాజరు బిళ్ల పట్టుకుని పనిలోకి వెళ్లాడు, మేస్త్రీ చూసీ చూడనట్టు ఊరుకున్నాడు, హాజరు రిజిస్టరులో కూర్మయ్య బతికాడు. వాళ్లుండే తెలుగు కూలీల బస్తీలో అది ఆనవాయితీ. తండ్రి బిళ్ల కొడుక్కి, మామ బిళ్ల అల్లుడికి. ఆ రెండు రిజిస్టర్లూ ఒకే వరండాలో ఉన్నా ఎన్నడూ ఒకదాని మొహం ఒకటి చూడలేదు. సర్కారు ఆఫీసు పుణ్యమా అని ఇన్ని కొంపల్లో పొయ్యి వెలిగింది.

తొంభై ఎనిమిదిలో ఆ రెంటినీ కంప్యూటర్లోకి ఎక్కించారు. టైపు చేసిన ఆరుగురిలో గవరయ్య కూతురు జగ్గమ్మ ఒకతె. తరవాత ఆరుగుర్నీ రెండు వారాల శిక్షణకు ఊరి రెండో కొసన ఉన్న సాల్ట్ లేక్ పంపారు. పాఠం చెప్పేది సోమయాజులు, కాకినాడ నుంచి బదిలీ మీద వచ్చిన ఆఫీసరు. మంచివాడు. వచ్చిన చిక్కల్లా అదే.

ఏం కావాలో సెలెక్ట్ తరవాత రాయండి, ఎందులోంచి కావాలో ఫ్రమ్ తరవాత, ఎవరు కావాలో ఎవరు అక్కర్లేదో వేర్ తరవాత అని చెప్పాడు. జగ్గమ్మకు అది ఆటలా పట్టుబడింది. నాలుగోరోజు రెండు పట్టికల్ని కలపడం నేర్పాడు. బోర్డు మీద రెండు పెట్టెలు గీసి, మధ్యలో గీతతో ముడివేసి, గీత మీద ‘బిళ్ల నంబరు’ అని రాశాడు.

"చనిపోయినవాళ్ల పట్టికలో ఉండి, పోయిన నెల హాజరులోనూ ఉన్నవాళ్లెవరో తియ్యమ్మా. ఎవరూ రాకూడదు. వస్తే మన టైపింగు తప్పులే."

అసలు వివరాలున్న యంత్రం ఒక్కటే. అందరికంటే ముందు పాఠం అర్థమైంది జగ్గమ్మకే కాబట్టి ఆమెనే కూర్చోబెట్టాడు. ఆ క్షణంలో ఆమెకు తండ్రి తప్ప మరెవరూ గుర్తు రాలేదు. వేర్ చివర ఒక వరస అదనంగా చేర్చింది: నంబరు 4417 కాకూడదు.

తెర మీద ముప్పై ఏడు పేర్లు దిగాయి. అన్నీ పోయినవాళ్ల పేర్లు, అన్నీ తమ బస్తీవే. సోమయాజులు నవ్వు ఆగిపోయింది. ఇన్ని టైపింగు తప్పులు ఉండవన్నాడు. క్లాసు అక్కడితో ఆపి, ఆ జాబితా అచ్చుతీసి పట్టుకెళ్లాడు.

ఏళ్లతరబడి కాగితం కదలని ఆఫీసు ఈ ఒక్కపనిలో ఆలస్యం చెయ్యలేదు. సోమవారం ముప్పై ఏడుగుర్ని గేటు దగ్గరే ఆపేశారు. ఎర్రజెండాతో యూనియన్ నాయకుడు, అందరూ దాదా అని పిలిచేవాడు, వచ్చాడు, టీ తాగాడు, చచ్చినవాళ్ల తరఫున ఏమని వాదించను అని వెళ్లిపోయాడు. గవరయ్య ఒక్కడూ లోపలికి వెళ్లాడు. సాయంత్రం తిరిగొస్తే కుళాయి దగ్గర ఒక్కరూ పలకరించలేదు.

"ఏటే, నా బిళ్లొక్కటీ ఎలాగ మిగిలిపోనాది?" అని కూతుర్ని అడిగాడు.

జగ్గమ్మ దాచలేదు. గచ్చు మీద వేలితో ఆ వరస రాసి చూపించింది. గవరయ్యకు కోపం రాలేదు. వస్తే బాగుండుననిపించింది ఆమెకు.

"ఎవులూ రాకూడదని ఆ బాబే సెప్పినాడన్నావు కదే. ఎవుల్నీ రానీకుండా రాసీసుంటే ఆయన ఊరుకుండేవోడు గావాల."

ఖాళీ తెర చూడాలనే కదా సోమయాజులు ఎదురుచూసింది. అందర్నీ దాచడానికీ ఒక్క వరసే పట్టేది. జగ్గమ్మకు ఆ ఒక్క వరసలో తండ్రి మాత్రమే కనిపించాడు.

"రేపెల్లి అది తీసీ," అన్నాడు గవరయ్య. "నాను ఈళ్ల మొకాలు సూడాల."

మర్నాడు ఆయన గేటుకు వెళ్లలేదు. బిళ్లను అన్న పటం మేకుకు తగిలించి, పని పోయి వీధిలో కూర్చున్న మగవాళ్ల పక్కన వెళ్లి కూర్చున్నాడు. వాళ్లలో నరసింహం అనే అతను కాస్త జరిగి చోటిచ్చాడు. అదే వేళకు సాల్ట్ లేక్‌లో జగ్గమ్మ చివరి వరస చెరిపి, మీట నొక్కింది. ముప్పై ఎనిమిదో పేరు అన్నిటికంటే అడుగున వచ్చింది.