కెమెరాకి కనబడని దీపం

నేను ఒక దొంగ దీపాన్ని. నన్ను నేను తిట్టుకుంటున్నానని అనుకోకండి, నన్ను పుట్టించిన సత్తిరాజు పెట్టిన పేరే అది. కాకినాడలో ఒక ఆర్కిటెక్టు ఆఫీసులో, కట్టబోయే భవనాలు కట్టేశాక ఎలా ఉంటాయో కంప్యూటర్లో బొమ్మలు తీయడం అతని ఉద్యోగం. నాకు గాజు లేదు, తీగ లేదు, స్విచ్చి లేదు. బొమ్మలోని హాల్లో పైకప్పు కింద పందిరిలా పరిచిన ఒట్టి వెలుగుని నేను.

అది సెల్లార్లో కట్టబోయే పెద్ద హాలు. ఒక్క కిటికీ లేదు. కిటికీ ఉంటే ఎండని లోపలికి పంపి సగం పని కానిచ్చేయవచ్చు. ఇక్కడ ఉన్నవల్లా పైకప్పుకి తొంభై ఆరు దీపాలు. ఒక్కో దీపం వెలుగు ఏ గోడకి తగిలి ఎటు మళ్ళుతుందో కంప్యూటరు లెక్క కట్టాలి. పొద్దున మొదలుపెట్టిన బొమ్మ సాయంత్రానికి కూడా తెమలలేదు. వచ్చిన కాస్తా రవ్వ చల్లినట్టు చుక్కలు చుక్కలుగా వచ్చింది. సత్తిరాజు తల పట్టుకున్నాడు. చివరికి ఈ విద్యలో అందరూ చేసేదే చేశాడు. ఆ తొంభై ఆరింటినీ ఊరికే మెరిసే బిళ్ళలుగా మార్చేసి, వెలుగిచ్చే పని మొత్తం నా ఒక్కదాని నెత్తిన పెట్టాడు. బొమ్మ తీసే కంప్యూటరు కెమెరాకి కనబడకుండా నన్ను దాచేశాడు కూడా. ఇరవై నిమిషాల్లో బొమ్మ తయారు. అబ్బ, ఏం వెలుగండీ అది! మూలమూలకీ పాకింది. చూసినవాళ్ళంతా దీపాలు భలే ఉన్నాయన్నారు. చాకిరీ నాది, పేరు వాటిది. మనుషుల్లోనూ ఇది మామూలే కదా అని నవ్వుకున్నాను.

నవ్వుకోకుండా ఉండాల్సింది. ఆ హాలు బధిరుల సంఘానిది. దాని కార్యదర్శి సత్తిరాజు భార్య మంగతాయారు. ఆవిడకి పుట్టుకతోనే వినబడదు. ఆ సంఘంవాళ్ళు నలభై ఏళ్ళుగా ఒక పెంకుల గదిలో కలుసుకునేవారు. ఇరుకే గాని రెండు వైపులా కిటికీలు. వాళ్ళ మాటలన్నీ చేతుల్లోనే గనక వెలుతురు లేకపోతే వాళ్ళకి మాటే లేదు. ఆ స్థలం ఇచ్చేస్తే, అక్కడ లేచే భవనంలో సెల్లార్ హాలు సంఘానికి ఇస్తానన్నాడు ఒక బిల్డరు. పెద్దవాళ్ళు ఒప్పుకోలేదు. చీకటి కొట్లో ఏం మాట్లాడుకుంటామని చేతులు విదిలించారు. తాయారు నా బొమ్మ పట్టుకుని ఇల్లిల్లూ తిరిగింది. మా ఆయనే తీశారు, వెనక వరసలో మనిషి వేళ్ళు కూడా లెక్కపెట్టచ్చు చూడండి, అని చూపించింది. ఒక్కొక్కరే మెత్తబడి సంతకాలు పెట్టారు.

అది దొంగ వెలుగని సత్తిరాజు భార్యతో చెబుదామనే అనుకున్నాడు. బొమ్మ తీసుకోవడానికి ఆవిడ ఆఫీసుకి వచ్చినప్పుడు రెండుసార్లు చేతులెత్తి, ఆవిడ ముఖంలో సంబరం చూసి దించేసుకున్నాడు. అసలు ఎన్ని దీపాలు కావాలో ఇంజనీరు లెక్క చూస్తాడులే అని సర్దుకున్నాడు. ఆ ఇంజనీరు మహానుభావుడు చూసింది కూడా నా బొమ్మే.

"ఇంత వెలుగొస్తుంటే ఇన్ని దీపాలు దేనికండి? సగం చాల్తాయి," అన్నాడు బిల్డరుతో, సత్తిరాజు బల్ల పక్కనే నిలబడి.

అప్పుడైనా నోరు విప్పాలా వద్దా? తన బొమ్మ అబద్ధమని ఒప్పుకోవాల్సి వస్తుందని ఊరుకున్నాడు. నాకైతే నోరే లేదు.

హాలు కట్టారు. ప్రారంభం సంగతి ఆఫీసువాళ్ళు చెప్పుకుంటుంటే తెలిసింది. తాయారు వేదిక మీద మాట్లాడుతుంటే, మూడో వరస తర్వాత ఎవరి కంటికీ ఆవిడ చేతులు ఆనలేదట. తరవాత ఇంకొన్ని దీపాలు తగిలించి చూశారు. అవి నిజం దీపాలు గనక నెత్తిమీద నుంచి పడి ముఖాల నిండా నీడలు నింపాయి. నీడ పడకుండా వెలిగేది నేనొక్కదాన్నే, నేను అక్కడ లేను. నెల తిరిగేసరికి నలుగురైదుగురు తప్ప అందరూ రావడం మానేశారు. పాత గది ఎప్పుడో నేలమట్టమైంది. నలభై ఏళ్ళ కబుర్లు అలా ఆగిపోయాయి. తలుచుకుంటే ఏడుపొస్తుంది నాకు.

ఒక మధ్యాహ్నం తాయారు ఆఫీసుకి వచ్చి, మొగుడి పక్కన కూర్చుని, ఆ ఫైలు తెరవమంది. ఇందులో ఉండి అక్కడ లేనిది ఏమిటని అడిగింది. సత్తిరాజు నన్ను చూపించాడు. పని చేసుకునే తెర మీద నేను సన్నటి పసుపు గీతల చట్రాన్ని, అంతే. ఆవిడే మౌసు అందుకుని నన్ను ఆర్పింది. హాలు నల్లబడిపోయింది, బిళ్ళలు మాత్రం వరసలుగా మెరుస్తున్నాయి. మళ్ళీ వెలిగించింది. మళ్ళీ ఆర్పింది. చివరికి వెలిగించి వదిలేసి అతని వైపు తిరిగింది.

"నేను ఇల్లిల్లూ తిరుగుతున్నప్పుడు మీకు తెలుసా?" అన్నాయి ఆవిడ చేతులు.

అతను తల ఊపాడు. తర్వాత చేతులతో గబగబా చెప్పడం మొదలుపెట్టాడు. చెబుదామనే అనుకున్నాను, భయమేసింది, నీ సంబరం పాడుచేయలేకపోయాను, క్షమించు తాయారూ. ఆవిడ కాసేపు ఆ చేతుల్ని చూసింది.

తర్వాత కళ్ళు మూసుకుంది. సత్తిరాజు చేతులు ఇంకా చెబుతూనే ఉన్నాయి.