చెప్పి పో

సాయంత్రం అయిదున్నరకు గాలి తిరుగుతుంది.

పటాన్‌చెరు ఫ్యాక్టరీల వైపు నుంచి వస్తుంది. ముందు తియ్యగా ఉంటుంది – మగ్గిపోయిన పండు వాసనలా. తర్వాత గొంతులో సూదిలా దిగుతుంది.

అప్పుడు కిటికీలు మూస్తారు.

పైన ఒకటి. మధ్యలో రెండు. కింద ఒకటి. ఠక్... ఠక్... ఠక్... ఠక్.

పటేల్‌గూడలోని ఆ ఇంట్లో ఉన్న నలుగురూ కలిసి చేసే పని అదొక్కటే.

గేటు మీద బోర్డు ఉంది, కో-లివింగ్ అని. కలిసి బతకడం అని. ఎవరి గది వాళ్లది. ఎవరి తలుపు వాళ్లది. ఎవరి కంపెనీ వాళ్లది – ఒకరిది బెంగళూరులో, ఒకరిది దుబాయిలో, ఒకరిది ఎక్కడుందో వాళ్లకే తెలియదు. కింద అందరికీ కలిపి ఒక వంటగది. ఫ్రిజ్‌లో నాలుగు అరలు. పెరుగు గిన్నె మీద కూడా పేరు రాసి ఉంటుంది.

గజాలా తన కిటికీ మూసి, హెడ్‌ఫోన్లు పెట్టుకుంది.

ఆమె పని వినడం. విని రాయడం. చెవులు వినపడని పిల్లల కోసం వీడియో పాఠాల కింద అక్షరాలు వేస్తుంది. టీచరు చెప్పింది చెప్పినట్టు. టీచరు ఆగితే ఆగినట్టు. వెనక ఎక్కడో కుక్క అరిస్తే, అరిచిందని కూడా రాయాలి.

రోజుకు ఎనిమిది గంటలు ఇతరుల మాటలు. తన మాటలంటే... పాలవాడితో రెండు.

ముప్పై ఒక్క ఏళ్లు. రెండేళ్లలో ఏడు గదులు.

ఈ పని ఎక్కడి నుంచైనా చేసుకోవచ్చు అంటారు. కొందరు సముద్రం పక్కకు పోతారు, కొందరు మంచు కొండలెక్కుతారు. గజాలా జిల్లా దాటలేదు. పుట్టి పెరిగిన జోగిపేట వదిలి సంగారెడ్డి. అక్కడ రెండు ఇళ్లు. పటాన్‌చెరులో రెండు. తెల్లాపూర్‌లో పంతొమ్మిదో అంతస్తు – ఆ ఎత్తున పిట్టలు కూడా ఉండేవి కావు. అమీన్‌పూర్‌లో ఒకటి. ఇప్పుడు ఇది.

అమ్మీ ఫోన్ చేస్తే సలామ్ తర్వాత మొదటి మాట – ఇప్పుడెక్కడ?

ప్రతి చోటా మూడు నెలలు. మహా అయితే నాలుగు. తర్వాత ఏదో జరుగుతుంది. పెద్దదేమీ కాదు. కిరాణా షాపతను ఆమె అడగకముందే ఆమె వాడే సబ్బు తీసి ముందు పెడతాడు. పక్కింటామె, నిన్న కనపడలేదేంది, అంటుంది.

అంతే.

ఆ సాయంత్రం గజాలా అటక మీంచి సంచీ దించుతుంది. ఎవరికీ చెప్పదు. తాళంచెవి కిటికీ గట్టు మీద పెట్టి వెళ్లిపోతుంది.

మొదటిసారి అలా వెళ్లింది మాత్రం కిరాయి గది నుంచి కాదు. జోగిపేటలో, నిఖా అయిన పదకొండో నెలలో, ఒక మధ్యాహ్నం. అందరూ తిని పడుకున్నారు. అతను చెడ్డవాడేం కాదు. కొట్టలేదు, తిట్టలేదు. ఆ ఇంట్లో ఎవరూ ఆమెను ఏమీ అడగలేదు. ఆమె ఎవరికీ ఏమీ చెప్పలేదు. పదకొండు నెలలు అలాగే...

పొయ్యి మీది పాలు దించింది. మంట ఆర్పింది. చెప్పులు చేతిలో పట్టుకుని మెట్లు దిగింది.

అప్పటి నుంచి దిగుతూనే ఉంది.

నవంబరులో ఒకరోజు మధ్యాహ్నం ఇంటి యజమాని చిన్నరాములు వచ్చాడు. నలుగురినీ వంటగదిలోకి పిలిచాడు. తను మాత్రం కూర్చోలేదు.

"బిల్డింగ్ ఫ్యాక్టరీకి ఇస్తున్న. లేబర్‌కు. ఒక్కో రూముల ఎనమండుగురు ఉంటరంట, షిఫ్టుల లెక్కన. మీకు నెల టైం. జెర ఏమనుకోవద్దు."

ఆయన వెళ్లిపోయాక నలుగురూ ఒకరినొకరు చూసుకున్నారు. అంత దగ్గర నుంచి, అంతసేపు చూసుకోవడం అదే మొదలు.

సమద్‌కు యాభై రెండేళ్లు. దగ్గర్లోని పెద్ద ఫ్యాక్టరీలో ఇరవై ఆరేళ్లు పైపుల డ్రాయింగులు గీశాడు. అక్కడ పని పోయాక అవే పైపులు గదిలో కూర్చుని దుబాయి కంపెనీకి గీస్తున్నాడు. నవీన్‌కుమార్ కోడ్ రాస్తాడు. మీటింగుల్లో తప్ప నవ్వడు. తేజస్వినికి ఇరవై నాలుగు. పిల్లల యాప్‌లకు ఏనుగులు, మేకలు, వానచినుకులు గీస్తుంది.

ఆ సాయంత్రం తేజస్విని ఒక్కో తలుపూ కొట్టింది.

"పప్పుచారు ఎక్కువైంది. తింటరా?"

ఎక్కువ కాలేదు. నలుగురికని చేసింది. అందరికీ తెలిసింది, ఎవరూ అనలేదు.

తింటూ తింటూ నవీన్‌కుమార్ అన్నాడు – "పొద్దుగాల మీరు పాడుతరు కదా సమద్ భాయ్. గోడల నుంచి వినవస్తది."

సమద్ ముఖం ఎర్రబడింది. "గోడ గంత పల్చగుందా?"

తేజస్విని నవ్వింది. గజాలా కూడా నవ్వింది. నవ్వి, తన నవ్వు తనకే కొత్తగా వినిపించి ఆగిపోయింది.

"మనమే ఒక ఇల్లు తీసుకుంటే అయిపాయె," అన్నాడు నవీన్‌కుమార్, పళ్లెం వైపు చూస్తూ. "నలుగురం."

తేజస్విని కళ్లు వెలిగాయి. సమద్ తలూపాడు. గజాలా "ఊఁ" అంది.

ఆ ఊఁకు అర్థం రాయమంటే ఆమెకే రాదు.

ఎందుకంటే – చిన్నరాములు గేటు దాటిన పది నిమిషాలకే సదాశివపేటలో ఒక గది ఆమె ఖాయం చేసుకుంది. ఫోన్లో, రెండు మెసేజీల్లో. వేళ్లకు అలవాటైన పని.

అయినా వాళ్లతో ఇళ్లు చూడడానికి వెళ్లింది. ఎందుకు వెళ్లిందో... అడిగినవాళ్లు లేరు, తనూ తనను అడగలేదు.

ఆదివారాలు తిరిగారు. పని అయ్యాక సాయంత్రాలు తిరిగారు. టు-లెట్ బోర్డు కనపడితే ఆగారు. ప్రతి గుమ్మంలో ఒకటే ప్రశ్న.

మీరు ఒకరికొకరు ఏమైతరు?

ఫ్రెండ్స్‌మి, అన్నాడు నవీన్‌కుమార్. తలుపు పడింది.

ఒకటే తీరు పని చేస్తం, అన్నాడు సమద్. ఏ కంపెనీ, అని అడిగారు. నాలుగు పేర్లు చెప్పాల్సి వచ్చింది. తలుపు పడింది.

ఒకాయన పేర్లు అడిగాడు. పేర్లు విన్నాక, ఇల్లు నిన్ననే అయిపోయింది అన్నాడు. బోర్డు ఆయన తల మీదే ఊగుతోంది.

ఒకామె తేజస్వినిని పక్కకు పిలిచి, నువ్వొక్కదానివైతే రా బిడ్డా, అంది.

"మేం నలుగురం," అంది తేజస్విని.

ప్రతి గుమ్మంలోనూ అదే మాట అంది. మేం నలుగురం. అన్నప్పుడల్లా గజాలా మెడ వెనక ఏదో పాకింది.

పది ఇళ్లు.

పదకొండోది ముత్యమ్మది. పాత ఊళ్లో, సందు చివర. నాలుగు గదులు, మధ్యలో వాకిలి, ముందు ముత్యమ్మ ఉండే చిన్న అర్ర. ఆమె పొలం ఉన్న చోట ఫ్యాక్టరీ లేచింది. ఆ ఫ్యాక్టరీ క్యాంటీన్‌లోనే ముప్పై ఏళ్లు వందల మందికి అన్నం వండింది ఆమె. గంజి వార్చి వార్చి నడుము వంగిపోయింది.

ఏమైతరు అని ముత్యమ్మ అడగలేదు.

"ఒక్క పొయ్యి మీద వండుకుంటరా, నాలుగు పొయ్యిలా?"

"ఒక్కటే," అంది తేజస్విని.

"ఉంటరా, పోతరా?"

ఎవరికీ అర్థం కాలేదు. ముత్యమ్మే చెప్పింది, నేల వైపు చూస్తూ.

"ముందున్నోళ్లు రెండేండ్లు ఉండిరి. ఆలు మగలు. ఆమెకు జరమొస్తే నేనే గంజి పోసిన. ఒకనాడు పొద్దుగాల లేసి సూస్తే తలుపు బార్ల తీసి ఉంది. మనుషులు లేరు. ఏమైందో, ఎటువోయిండ్రో... కిరాయి బాకీ గూడ లేదు, బరాబరే ఉంది. గని వారం దినాలు నాకు బువ్వ పోలే." తలెత్తింది. "అందుకే అడుగుతున్న. ఉంటరా?"

ఉంటమమ్మా, అన్నాడు సమద్. ఉంటం, అన్నాడు నవీన్‌కుమార్. తేజస్విని అప్పటికే లోపలికి పోయి కిటికీ తీసి చూస్తోంది.

"నువ్వేంది బిడ్డా?"

గజాలా నోరు తెరిచింది.

అబద్ధం ఆమెకు కొత్త కాదు. ఏడు ఇళ్లలో చెప్పింది. ఉంటాను, ఉంటాను, ఉంటాను... ఆ వేళ మాత్రం నాలుక కదలలేదు. తెరిచి ఉన్న తలుపు కనపడింది. ఆ తలుపు ముందు నిలబడ్డ ముసలామె కనపడింది. వెళ్లిపోయాక వెనక ఏముంటుందో గజాలా ఇంతవరకు ఎప్పుడూ చూడలేదు.

"నాకు... సదాశివపేటల రూం దొరికింది."

లోపల కిటికీ రెక్క ఆగిపోయింది.

ముత్యమ్మ నడుము పట్టుకుని గడప మీద కూర్చుంది. "నలుగురని వస్తిరి. ముగ్గురంటె నేను ఆలోచన చెయ్యాలె," అంది.

తిరుగుదారిలో లారీలు వరసగా పోతున్నాయి. దుమ్ము. హారన్లు. తేజస్విని ముందు నడుస్తోంది. ఒక్కసారి ఆగి వెనక్కి తిరిగింది.

"ఎప్పుడు మాట్లాడుకున్నవ్ రూం?"

"రాములన్న చెప్పిననాడే."

"అంటే నేను పప్పుచారు చేసిననాడు గూడ నీకు ఎరికే." గొంతు పెంచలేదు. పెంచకపోవడమే కష్టంగా ఉంది వినడానికి. "పది ఇండ్లల్ల చెప్పిన అక్కా, మేం నలుగురమని. ఒక్కసారన్న నన్ను ఆపకపోతివి."

"పోనీ తేజూ," అన్నాడు సమద్.

"పోనీ, పోనీ అంటేనే అందరు పోతరు సమద్ భాయ్."

లారీ ఒకటి పోయింది. ఇంకొకటి పోయింది.

ఆ తర్వాత వంటగదిలో మళ్లీ నాలుగు గిన్నెలు. నాలుగు వేళలు.

నెల నిండకముందే లేబర్ దిగారు. రెండు బస్సులు. రేకు పెట్టెలు, చుట్టిన దుప్పట్లు, బకెట్లు. మెట్ల మీద ఒడియా, హిందీ. మిగతా ముగ్గురికి ఇంకా ఇల్లు దొరకలేదు. ముత్యమ్మ ఔననలేదు, కాదనలేదు.

గజాలా సంచీ భుజానికెత్తుకుంది. తాళంచెవి కిటికీ గట్టు మీద పెట్టింది. కింద ఆటో ఆగి ఉంది, బస్టాండుకు.

గుమ్మంలో ఒక కార్మికుడు. నలభై ఏళ్లుంటాయి. తల మీద పెట్టె.

"దీదీ, యే కమ్రా ఖాలీ హై?"

ఖాలీ.

ఎవరైనా అలా అడుగుతారని ఎన్నడూ అనుకోలేదు ఆమె. ఇన్నేళ్లూ అడిగేవాళ్లు రాకముందే వెళ్లిపోయింది. ఇప్పుడు చెప్పాలి. అతని మెడ నరాలు బిగుసుకుని ఉన్నాయి, పెట్టె బరువుకు.

"హాఁ భయ్యా. ఖాలీ హై."

తన నోటితో అని, పక్కకు జరిగి అతనికి దారి ఇచ్చింది.

కిందికి వచ్చి ఆటో ఎక్కింది. బస్టాండు వద్దు, పాత ఊళ్లోకి పోనీ, అంది.

ముత్యమ్మ గడప మీద కూర్చుని ఉంది. గజాలా సంచీ దించలేదు. నిలబడే చెప్పింది. ఏడు గదుల గురించి చెప్పింది. కిటికీ గట్ల మీద పెట్టిన తాళంచెవుల గురించి చెప్పింది. జోగిపేట గురించి, ఆ మధ్యాహ్నం గురించి, చేతిలో పట్టుకున్న చెప్పుల గురించి చెప్పింది. ఇవన్నీ ఎవరికైనా చెప్పడం అదే మొదలు. మధ్యలో మాటలు తప్పిపోయాయి. మళ్లీ వెతుక్కుంది.

"ఉంటనని చెప్పలేనమ్మా. నా కాలు ఒక్క కాడ నిలువది. గట్లని నా మూలంగ వాళ్లకు ఇల్లు లేకుండ చెయ్యకు."

ముత్యమ్మ విన్నది. విని, కొంగుతో మోకాలి మీది దుమ్ము దులుపుకుంది.

"నలుగురు రాండ్రి. పోతె పో బిడ్డా. కట్టేసి ఉంచుకుంటనా నిన్ను?" ఆగింది. "చెప్పి పో. గంతే."

చెప్పి పో.

అంత చిన్న మాట. గజాలా ముప్పై ఒక్క ఏళ్లలో ఎన్నడూ చేయని పని.

"చెప్త," అంది.

తిరిగి వెళ్లి, పెట్టెల మధ్య దారి చేసుకుంటూ మెట్లెక్కింది. మూడు తలుపులు. ఒక్కసారీ తట్టని తలుపులు. ఒక్కొక్కటే తట్టింది. ముగ్గురికీ అదే చెప్పింది – ముత్యమ్మ ఇల్లు ఇస్తోంది, నేనూ వస్తున్న, ఎన్ని దినాలుంటనో తెల్వది, పోయేటప్పుడు చెప్త.

సమద్ అల్లాకు షుక్రియా చెప్పుకున్నాడు. నవీన్‌కుమార్ వైర్లు చుట్టడం మొదలుపెట్టాడు. తేజస్విని పరుపు ఒక కొస ఎత్తి, రెండో కొస వైపు చూసింది.

గజాలా పట్టుకుంది.

కలిసి ఉండడం తేలికగా ఏం లేదు. తేజస్విని నెలరోజులు అవసరానికే మాట్లాడింది. సమద్ పాటకు నవీన్‌కుమార్ మీటింగు చెడింది, ఇద్దరూ రెండు రోజులు మూతులు ముడుచుకున్నారు. కరెంటు పోతే నలుగురూ ఒక్క ఇన్వర్టర్ చుట్టూ చేరి, ఎవరి పని ముందో వాదించుకున్నారు. ఒక్క పొయ్యి. ఎవరో ఒకరు ఉప్పు ఎక్కువ వేస్తారు. అందరూ తింటారు.

గజాలా కాళ్లు మాత్రం మారలేదు. కుర్చీ కింద ఊగుతూనే ఉంటాయి. తెల్లవారకముందే మెలకువ వస్తుంది. వాకిట్లో నడుస్తుంది – ఇటు పదహారు అడుగులు, అటు పదహారు. గేటు దాకా పోతుంది. గొళ్లెం మీద చెయ్యి పెడుతుంది. చల్లగా ఉంటుంది ఇనుము. తీసేస్తుంది.

జనవరి పోయింది. ఫిబ్రవరి పోయింది.

మార్చిలో ఒక మధ్యాహ్నం మెసేజీ వచ్చి ఫోన్ మోగింది. జహీరాబాద్‌లో గది. మేడ మీద. ఒంటి గది, ఎవరూ ఉండరు, వెంటనే రావచ్చు.

నాలుగుసార్లు చదివింది. లేచింది. అటక వైపు చూసింది.

చూసి... వాకిట్లోకి వచ్చింది.

ముత్యమ్మ గోనెసంచి పరుచుకుని కొత్త చింతపండు కొడుతోంది. పెంకు ఒక కుప్ప. గింజ ఒక కుప్ప. ఎండలో పులుపు వాసన నోట్లో నీళ్లూరిస్తోంది. గజాలా వచ్చి ఎదురుగా నిలబడింది. నీడ గోనె మీద పడింది.

"చెప్పనీకి వచ్చినవా?" అంది ముత్యమ్మ, చేయి ఆపకుండా.

"తెల్వది."

"అయితె కూసో."

కూర్చుంది. ఒక కాయ అందుకుంది. పెంకు ఒలిచింది. ఈనె లాగింది. గింజ రాలేదు. గోరుతో తవ్వింది. వేళ్లకు బంక అంటుకుంది, నల్లగా, తియ్యగా. ఇంకో కాయ అందుకుంది. ఒళ్లో ఫోన్ మళ్లీ మోగింది. బంక చేతులు. తియ్యలేదు.

ఎండ వాకిట్లో సగానికి జరిగింది.

వంటింట్లోంచి తేజస్విని గొంతు వచ్చింది. డబ్బా మూత తీసిన చప్పుడు, గిన్నెలో శనగలు పడుతున్న చప్పుడు.

"అక్కా, రేపటికి నీకు గూడ నానబెట్టాల్నా?"

ముత్యమ్మ చేయి ఆగింది.

గజాలా చేతిలో కాయ ఉంది. పెంకు సగం ఒలిచి ఉంది. సగం ఉంది...

లోపల గిన్నె కూడా ఆగింది, జవాబు కోసం.