కుర్చీ వీపు మీద శాలువా

సంచి సర్దుతున్నది అక్క. వెళ్లేది చెల్లెలు.

మెత్తటి బట్టలు నాలుగు జతలు, తువ్వాలు, మందుల డబ్బా, చార్జరు, సగం చదివి ఆపిన పుస్తకం. అన్నీ పెట్టింది, మళ్లీ తీసింది, మళ్లీ పెట్టింది. బూడిదరంగు శాలువాను మాత్రం కుర్చీ వీపు మీదే ఉంచింది. మరిచిపోయి కాదు, కావాలనే.

అది ఆమె పాత అలవాటు. ఇంట్లోంచి ఎవరు బయల్దేరినా సంచిలో పెట్టాల్సినదేదో ఒకటి మిగిల్చేది. కారు కదలగానే "అయ్యో, ఇది మరిచిపోయావ్!" అంటూ దాన్ని పట్టుకుని వీధిలోకి పరుగెత్తేది. కారు ఆగేది, అద్దం దిగేది, ఇంకొక్కసారి ఆ ముఖం చూసేది. చిన్నప్పుడు నాన్న వెళ్లిన రోజున ఆమె వంటింట్లో ఉండి అక్కణ్నుంచే "సరే" అంది. ఆయన మళ్లీ రాలేదు. అప్పట్నుంచి ఒక్క వీడ్కోలు ఆమెకు ఎప్పుడూ సరిపోలేదు.

అక్కచెల్లెళ్లిద్దరూ టాక్సీ స్టాండు పక్క గదిలో సీటు కవర్లు కుట్టి బతికారు. అక్క కత్తిరించి కుట్టేది. చెల్లెలు కార్లలోకి దూరి కొలతలు తీసేది, కవర్లు తొడిగేది. డ్రైవర్లు ఇంజన్లు ఆపకుండానే గుమ్మంలో నిలబడి కబుర్లాడేవారు. ఆ పొగే వాళ్లకు కూడు పెట్టింది, ఆ పొగే చెల్లెలి ఊపిరితిత్తుల్ని తినేసింది. ఇప్పుడు దూరాన పెద్దాసుపత్రిలో ఆపరేషను. అక్కడ నర్సుగా ఉన్న మేనకోడలు దగ్గరుండి చూసుకుంటానంది. అక్క వెళ్లడం లేదు. జన్మంతా కారు సీట్లు కుట్టిందే గాని, సీటులో కూర్చుంటే వీధి మలుపు తిరగకముందే వాంతి ఆమెకు.

"నువ్వొస్తే నన్ను చూసుకోవాలా, నిన్ను చూసుకోవాలా ఆ పిల్ల?" అంది చెల్లెలు, చెప్పులు వేసుకుంటూ.

కారు వచ్చింది. వచ్చినట్టు ఎవరికీ తెలియలేదు. పిల్లిలా వచ్చి గుమ్మం ముందు నిలబడింది. కరెంటుతో, తనంతట తానే నడిచే రకం; లోపల డ్రైవరు లేడు. స్టీరింగు ముందు సీటు ఖాళీగా, శుభ్రంగా ఉంది.

ఎదురింటి అద్దాలయ్య గొడుగు వేసుకుని వచ్చాడు. ముందు రోడ్డు కన్నా వెనకద్దమే ఎక్కువ చూస్తాడని స్టాండులో ఆయనకు పెట్టిన పేరది. ఈ ఇంటివాళ్లను ఎన్నో ఏళ్లు ఆయన టాక్సీయే తీసుకెళ్లింది. అక్క పరుగెత్తినప్పుడల్లా అద్దంలో చూసి బ్రేకు వేసింది ఆయనే. పోయినేడు ఆ టాక్సీ తుక్కుకి పోయింది.

"చెల్లెమ్మా, దిగేటప్పుడు టిప్పు ఎవరి చేతిలో పెడతావ్?" అన్నాడు.

"నువ్వు పాడే పాటలు వినక్కర్లేదు, అదే నాకు టిప్పు," అంది ఆమె.

అక్క ఆయన్ని పక్కకు లాగింది. "ఏవయ్యా, దీనికి వెనక కళ్లుంటాయా?"

"చుట్టూ కళ్లేనట అక్కగారూ. నాకు రెండే. అందులో ఒకదానికి శుక్లం."

"మనిషి వెనకాల పరుగెత్తితే చూస్తుందా మరి?"

అద్దాలయ్యకు విషయం అర్థమైంది. కాసేపు గొడుగు పిడి తిప్పాడు. "గుద్దకుండా ఉండటానికి చూస్తుంది. ఆగటానికి చూస్తుందో లేదో, నాకు తెలీదు."

శాలువాను ఇప్పుడే ఇచ్చేస్తే పోతుందని అక్కకు తోచింది. కాని కాలు లోపలికి కదల్లేదు. చెల్లెలు ఎక్కింది. తలుపు దానంతటదే మూసుకుంది. అక్క గదిలోకి వెళ్లి, శాలువా అందుకుని బయటికి వచ్చేసరికి కారు కదిలిపోయింది.

"ఇది మరిచిపోయావ్!" అని అరిచింది. పరుగెత్తింది. మోకాళ్లు సహకరించినంత వరకే ఆ పరుగు. కారు నెమ్మదిగా, మర్యాదగా మలుపు తిరిగింది. ఆగలేదు.

అక్క చినుకుల్లో నిలబడిపోయింది. కొంగులో ఫోను మోగింది.

"శాలువా పట్టుకుని వీధిలో నిలబడ్డావా?" అంది చెల్లెలు.

"నీకెలా తెలుసు?"

"తెలుసులే. వెనక్కి తిరగమన్నాను దీన్ని. ఇక్కడ తిరగడానికి లేదట, పెద్ద రోడ్డు దాకా పోయి చుట్టి వస్తుందట. అరుగెక్కి కూర్చో, తడుస్తున్నావ్."

అక్క కూర్చోలేదు. చాలాసేపటికి కారు మళ్లీ వచ్చింది. "నేనైతే అంతదూరం పోయాక తిరిగొచ్చేవాణ్ని కాదు," అన్నాడు అద్దాలయ్య, ఒప్పుకోలేక ఒప్పుకుంటున్నట్టు.

అద్దం దిగింది. అక్క శాలువా లోపలికి అందించి, చెల్లెలి చెయ్యి పట్టుకుంది.

"ప్రతిసారీ ఏదో ఒకటి వదిలేస్తావని నాకు తెలీదనుకున్నావా? పొద్దున్నే చూశాను కుర్చీ మీద. నోరు మూసుకుని కూర్చున్నాను," అంది చెల్లెలు. తర్వాత సీటును బొటనవేలితో నిమిరింది. "కుట్టు చూడు, ఒక్క పోగు వంకర లేదు. కూర్చుంటే మాత్రం జారిపోతున్నా. కాని అక్కా, పొగ లేదు. ఇందాకణ్నుంచి ఒక్క దగ్గు రాలేదు."

నిజమే, రాలేదు. ఆ బండి మీద కోపం పెట్టుకుందామంటే అక్కకు ఆధారం దొరకలేదు. ప్రేమా పుట్టలేదు.

"దయచేసి వాహనానికి దూరంగా నిలబడండి," అంది కారు.

"ఉండవే తల్లీ, మా అక్కది ఇంకా అవలేదు," అంది చెల్లెలు.

కారుకు ఆ మాట పట్టలేదు. మళ్లీ అదే మాట, అదే గొంతుతో. అక్క చెయ్యి వదిలింది.

తర్వాత మేనకోడలు ఫోను చేసినప్పుడు అక్క అలాంటి కారులోనే ఆసుపత్రికి వెళ్లింది. దారిపొడవునా వాంతులే. అద్దాలయ్య పక్కన కూర్చుని ప్లాస్టిక్ కవరు పట్టాడు. కారు విసుక్కోలేదు, జాలిపడనూ లేదు. కార్యం ముగించుకుని తిరిగి వస్తుంటే ఇద్దరి మధ్యా చెల్లెలి సంచి ఉంది, దాని మీద మడతపెట్టిన శాలువా.

ఇంటి ముందు ఆగాక తలుపు తెరుచుకుంది. "మీరు ఏమీ మరిచిపోలేదు కదా, ఒకసారి చూసుకోండి," అంది కారు.

అద్దాలయ్య సంచి దించాడు. అక్క శాలువా తీసుకుంది.

చెల్లెలు తిరిగి రాలేదు. ఆపరేషను అయిన మర్నాడు, శుక్రవారం పొద్దున, ఆసుపత్రిలోనే పోయింది.