కిందింటి బేసు

అక్కకు యాభై దాటాక పెళ్లి కుదిరింది. పెళ్లికొడుకు భార్య పోయిన పెద్దమనిషి, నెమ్మదస్తుడు, నోరు పెంచి మాట్లాడడం తెలియనివాడు. వంక పెడదామంటే చెల్లెలికి ఒక్కటీ దొరకలేదు. అదే ఆమెకు ఎక్కువ కష్టమైంది. అక్కాచెల్లెళ్లిద్దరూ అన్నేళ్లూ ఒకే ఇంట్లో, ఒకే దువ్వెనతో గడిపేసినవాళ్లు. అక్క వెళ్తూ ఆ దువ్వెన ఇక్కడే వదిలేసి, "నువ్వే ఉంచుకోవే, నాకు ఆయన కొత్తది కొన్నారు" అంది. నవ్వాలో ఏడవాలో తెలియక చెల్లెలు పట్టని సూట్‌కేసు జిప్పుతో కుస్తీ పడుతూ ఉండిపోయింది.

చెల్లెలు పళ్ల సెట్లు చేస్తుంది. డాక్టర్లు పంపే నోటి అచ్చుల్లో ప్లాస్టర్ పోసి, దాని మీద మైనం కట్టి, మైనంలో ఒక్కో పన్నూ నిలబెట్టి, పైదవడా కిందిదవడా సరిగ్గా కలిసేదాకా అరగదీయడం ఆమె పని. ముందుగదిలో కిటికీ పక్కనే బల్ల. వీధిలో అందరికీ ఆమె "పళ్ల మేడమే". అక్క ఉన్నన్నాళ్లూ చెల్లెలు వంచిన తల ఎత్తకుండానే ఆమెకు కబుర్లు చెప్పేది. ఇప్పుడు బల్ల మీద వరసగా కూర్చున్న దవడలు తప్ప వినేవాళ్లు లేరు. వాటికి నోళ్లున్నాయి గానీ చెవులు లేవు.

ఆ రోజుల్లోనే కిందింట్లోకి ఒక రాక్ బ్యాండు దిగింది. అంతకుముందు అది పాత సోఫాలు పెట్టుకునే గోదాము. నలుగురు మనుషులు, బీరువాలంత స్పీకర్లు. మొదటి సాయంత్రం వాళ్లు మొదలుపెట్టేసరికి బల్ల మీద గ్లాసులో నీళ్లు వణికాయి. మైనంలో అప్పుడే నిలబెట్టిన ముందుపన్ను పక్కకు ఒరిగింది. ఆమెకు ఒళ్లు మండి, చీపురు తిరగేసి నేల మీద టపటపా బాదింది. కింద ఒక్క క్షణం ఆగింది. తర్వాత కాస్త తగ్గించి మళ్లీ మొదలెట్టారు. ఇంక రోజూ ఈ పీడ తప్పదన్నమాట అనుకుని దూది తెచ్చి చెవుల్లో పెట్టుకుంది.

దూది పెట్టుకున్నాక తెలిసిందేమిటంటే, చెవులు మూసుకున్నా ఒక శబ్దం మాత్రం వస్తూనే ఉంది. పాటగాడి అరుపులూ, గిటారు గీపెట్టడమూ కిటికీల్లోంచి వీధిలోకి పోయేవి. శ్లాబు దాటి పైకి వచ్చేది ఒక్కటే, లావుగా, లోతుగా, గొంతు తగ్గించి మాట్లాడే మగమనిషి మాటలా ఉండేది. అది చెవిలోంచి కాదు, కుర్చీ కాళ్లలోంచి వచ్చేది. ఆ వాద్యం పేరేమిటో కూడా ఆమెకు తెలియదు. ఒకరోజు మెట్ల దగ్గర డ్రమ్ములు వాయించే బొద్దు మనిషి ఎదురైతే అడిగింది.

"ఆ లావు శబ్దం దేనిదండీ?"

"అది బేసు మేడం. సౌండు ఎక్కువైందా? తగ్గించమంటారా?"

"అబ్బే, వద్దు. ఊరికే అడిగానంతే."

ఆ తర్వాత దూది పెట్టుకోలేదు. పని చేసుకుంటూనే వినడం మొదలుపెట్టింది. వినగా వినగా ఆ బేసు వాయించే మనిషి పద్ధతి ఆమెకు పట్టుబడింది. అతను ఎక్కువ వాయించడు. డ్రమ్ము దెబ్బ పడ్డాక రెప్పపాటు ఆగి అప్పుడు మీటుతాడు. ఎదుటివాళ్లు మాట పూర్తిచేసేదాకా ఓపిగ్గా ఉండి జవాబు చెప్పే మనుషులుంటారే, అలాగ. ఒక స్వరం మీంచి ఇంకో స్వరానికి గెంతడు, జారుతాడు. ఆ ధ్వనికి అంచు లేదు. ఎంతోసేపు అరగదీసి నునుపు తేల్చిన పన్నులా గుండ్రంగా ఉంటుంది. ఒక పాటలో మధ్యలో ఒకచోట పూర్తిగా మానేస్తాడు. ఆ ఖాళీలో ఆమె చేతిలో మైనం కత్తి కూడా ఆగిపోయేది. ఇంక రాడేమో అనుకునే సమయానికి, అన్నిటికంటే కింది స్వరం ఒకటి మెత్తగా వచ్చి కూర్చునేది. అది అరికాళ్లకు తెలిసేది. అందుకని చెప్పులు విడిచి కూర్చోవడం అలవాటు చేసుకుంది. ఒక సాయంత్రం అదీ చాలక, కర్టెను వేసేసి, చల్లటి గచ్చు మీద పడుకుని చెవి ఆనించింది. అప్పుడే అక్క ఫోను.

"ఏం చేస్తున్నావే?"

"ఏం లేదక్కా, పడుకున్నా."

"ఈ వేళప్పుడా? ఒంట్లో బాలేదా?"

"బాగానే ఉన్నా. నడుం వాల్చానంతే."

"బావగారు అడిగారు నిన్ను. ఓసారి రాకూడదూ?"

"వస్తాలే, చాలా సెట్లు ఉన్నాయి" అని పెట్టేసింది. మొహం తెలియని ఒక మనిషి వాయించే వాయిద్యం కోసం నేల మీద పడుకున్నానని ఎవరికి చెప్పుకుంటుంది? తనకు తాను చెప్పుకోవడానికే సిగ్గుగా ఉంది.

అలా చాన్నాళ్లు గడిచాక ఒకరోజు కింద బేసు మారిపోయింది. ఎవరో గోళీల సంచీ నేల మీద బోర్లించినట్టు గలగలా స్వరాల మీద స్వరాలు. తప్పు వాయిస్తున్నాడని కాదు. బాగా తిరిగిన చెయ్యే. కానీ ఎక్కడా సందు లేదు, ఊపిరి లేదు. ఆయనకు జ్వరమొచ్చి ఉంటుంది, వేరే ఎవరో వచ్చారు అనుకుంది. మళ్లీ సాధన రోజు వచ్చింది, మళ్లీ గోళీలే. ఆ పై వారమూ అంతే. ఇంక ఉండబట్టలేక కిందికి దిగింది.

తలుపు తీసిన పాటగాడు ఆమెను చూడగానే రెండు చేతులూ ఎత్తేశాడు. "సారీ ఆంటీ, తగ్గించేస్తాం."

"తగ్గించడానికి కాదు బాబూ. ఇదివరకు బేసు వాయించేవారు, ఆయన ఏమయ్యారు?"

లోపల ముగ్గురూ మొహమొహాలు చూసుకున్నారు. కొత్త కుర్రాడు తీగల మీద చెయ్యి పెట్టి నొక్కి పట్టాడు.

"నిదానం అన్నా? ఆయన్ని మేం అలాగే పిలుస్తాం. మానేశాడు ఆంటీ" అన్నాడు పాటగాడు. "మంచోడే. కానీ స్టేజి మీద కరెంటు స్తంభంలా నిలబడతాడు. ఈ రోజుల్లో జనానికి కొంచెం హుషారు కావాలి కదా. మేం ఒక మాట అన్నాం, తనే తప్పుకున్నాడు. అయినా ఆయన లేడని మీకెలా తెలిసింది? మా స్నేహితులకే తెలియలేదు."

"పైన నాకు మీరెవరూ వినపడరు బాబూ. ఆయనొక్కరే వినపడేవారు."

పాటగాడు మైకు వైరు చుట్టుకోవడం మొదలుపెట్టాడు. బొద్దు డ్రమ్మరు మాత్రం కర్రలు పక్కన పెట్టి బయటి దాకా వచ్చి, గొంతు తగ్గించి, "ఆయన లేకపోతే నాక్కూడా ఏం తోచట్లేదు మేడం" అని, ఆయన నడిపే మోటార్ల వైండింగు షాపు ఎక్కడుందో చెప్పాడు.

వెళ్లాలా వద్దా అని ఆమె కొన్నాళ్లు తన్నుకులాడింది. చివరికి ఒక డాక్టరుకు సెట్టు ఇచ్చి వస్తూ వస్తూ, కాళ్లే అటు తీసుకెళ్లాయి. ఇరుకు షాపు. గోడ నిండా విప్పేసిన ఫ్యాన్లు, పంపుల మోటార్లు, రాగితీగ చుట్టలు. వార్నిష్ వాసన. బట్టతల, కళ్లజోడు ఉన్న ఒకాయన మోటారు మధ్యలోకి వేళ్లతో తీగ చుడుతున్నాడు.

"బేసు వాయించేది మీరేనాండీ?" అని అడిగింది.

అతను వెంటనే జవాబు చెప్పలేదు. చుట్టు పూర్తిచేసి, తీగ కొస మడిచి, తలెత్తి, "వాయించేవాణ్ని" అన్నాడు. ఆ ఆగడం చూడగానే, ఇంక వేరే రుజువు అక్కర్లేదనిపించింది ఆమెకు.

"నేను మీ సాధన గది పైన ఉంటాను."

"ఓహో! చీపురు మీరేనా?"

ఆమె మొహం ఎర్రబడింది. అతను నవ్వాడు. "మరేం ఫర్లేదు. ఆ దెబ్బ కూడా తాళంలోనే పడింది లెండి."

తరవాత ఆమె చెప్పదలుచుకున్నదంతా చిందరవందరగా చెప్పేసింది. డ్రమ్ము తరవాత ఆగడం, జారడం, ఆ పాటలో మానేసే చోటు, మళ్లీ వచ్చే కింది స్వరం. సంగీతం మాటలు రాక పళ్ల భాషలో చెప్పింది. "బాగా కుదిరిన సెట్టు నోట్లో ఉన్నట్టే తెలియదండీ. ఇప్పుడు మీరు లేని పాట బోసినోరులా ఉంది. ఎంత గట్టిగా అరిచినా నమలడం లేదు."

అతను కళ్లజోడు తీసి చొక్కా అంచుతో తుడిచాడు. తుడిచినదాన్నే మళ్లీ తుడిచాడు.

"జుట్టు ఉన్న రోజుల్నించీ వాయిస్తున్నానండీ. పాట అయ్యాక జనం పాటగాడి దగ్గరికి పోతారు, గిటారువాడి దగ్గరికి పోతారు. నా దగ్గరికి ఒకాయన వచ్చాడు ఒకసారి. సంతోషపడిపోయాను. బాత్రూం ఎటు అని అడిగాడు."

ఆమె నవ్వబోయి ఆగింది.

"ఆ ధ్వని ఎలా వస్తుందండీ? అంత గుండ్రంగా?"

"దానిలోపల శబ్దాన్ని పట్టుకునే తీగచుట్ట ఒకటి ఉంటుంది, అది నేనే చుట్టుకున్నాను, ఈ చేత్తోనే. తీగలు మార్చి ఏళ్లయింది. కొత్త తీగలు వాగుతాయి. పాతబడితే గానీ నోరు మూసుకుని చెప్పిన మాట వినవు. నా స్పీకరు ఇంకా అక్కడే ఉంది, ఆదివారం వచ్చి తెచ్చుకోవాలి."

"నేను వాళ్లతో మాట్లాడతాను. మిమ్మల్ని మళ్లీ..."

"వద్దండీ" అన్నాడు, ఈసారి ఆగకుండానే. "కుర్రాడు బాగానే వాయిస్తాడు. వాళ్లకి కావలసింది అదే. ఇంట్లో వాయిద్దామంటే పక్కింటివాళ్లది మీ చీపురు కంటే పెద్ద చీపురు. చూద్దాం."

ఆదివారం మధ్యాహ్నం కింద షట్టరు ఎత్తిన చప్పుడు వినపడి ఆమె మెట్లు దిగింది. అతనొక్కడే ఉన్నాడు. వాద్యం భుజానికి తగిలించుకుని ఉన్నాడు, సిగ్గుపడుతున్నాడు.

"పైకెళ్లండి. మీరెప్పుడూ వినేచోటే వినండి. ఇక్కడ దగ్గర్నించి వింటే వేళ్లు గీసుకున్న చప్పుడు తప్ప ఏం ఉండదు."

ఆమె పైకెళ్లి, తలుపు వేసి, గచ్చు మీద పడుకుని చెవి ఆనించింది. కాసేపు ఏమీ లేదు. తర్వాత ఆ మానేసే చోటున్న పాట మొదలైంది. ఈసారి డ్రమ్ములు లేవు, ఇంకెవరూ లేరు. ఒక్క గొంతు, ఖాళీ ఇంట్లో తనలో తాను మాట్లాడుకుంటున్నట్టు, స్వరం తర్వాత స్వరం గచ్చులోంచి ఆమె చెంపలోకి, భుజంలోకి వచ్చింది. మానేసే చోట మానేశాడు. వీధిలో ఎవరో సైకిలు బెల్లు కొట్టారు. ఆ కింది స్వరం వచ్చినప్పుడు ఆమెకు కన్నీళ్లు ముక్కు పక్కనుంచి జారి గచ్చు మీద పడ్డాయి, తుడుచుకోలేదు. అక్క పెళ్లినాడు రాని ఏడుపు అది. పాట అయిపోయింది. ఇంకొకటి వాయిస్తాడని ఎదురుచూసింది. వాయించలేదు. బరువేదో ఈడ్చుకెళ్తున్న చప్పుడు, షట్టరు దించిన చప్పుడు వినపడ్డాయి.

ఆమె బాల్కనీలోకి వచ్చేసరికి స్పీకరు సామాన్ల ఆటో ఎక్కింది. అతను తాడు బిగించి తలెత్తాడు.

"ఎలా ఉంది?" అని కిందనుంచి అడిగాడు.

"బాగుంది" అంది. అబద్ధం చెప్పడం ఇష్టంలేక, "చివర్లో కొంచెం తొందరపడ్డారు" అని కూడా అంది.

అతను గట్టిగా నవ్వాడు. "తెలిసిపోయిందా! డ్రమ్ములు లేవు కదండీ. ఆనుకోవడానికి ఎవరూ లేకపోతే చెయ్యి పరిగెడుతుంది." చెయ్యి ఊపి డ్రైవరు పక్కన ఇరుక్కుని కూర్చున్నాడు. ఆటో మలుపు తిరిగి వెళ్లిపోయింది.

ఆ తర్వాత వాళ్లిద్దరూ కలుసుకోలేదు. ఒకసారి ఆమె ఆ షాపు వైపు వెళ్లింది గానీ అది మూసి ఉంది, ఆదివారమని అక్కడికెళ్లాక గుర్తొచ్చింది. కింద గోళీలు దొర్లుతూనే ఉన్నాయి. ఆ ధ్వనికి ఆమె అలవాటు పడింది, తలుపు తట్టలేదు. ఒక సాయంత్రం ఆ కుర్రాడు ఎందుకో తడబడి ఒక స్వరం దగ్గర ఆగిపోయాడు. ఆమె తలెత్తి, చేతిలో పన్ను పట్టుకుని, ఆ కింది స్వరం వస్తుందేమోనని చెవి ఒగ్గింది. తర్వాత ఆ పన్నును మైనంలో పెట్టి, దీపాన్ని దగ్గరికి లాక్కుంది.