ఆ రాత్రి జొన్నలు

శివన్న మా వాకిట్లోకొచ్చి నిలబడేసరికి నేను రాగులు విసురుతున్నాను. ఆ మనిషి మొహం చూడగానే ఒళ్లు మండింది. మండదా మరి? ఊరి గుట్ట కింది బీడును మొన్ననే మడకలు కట్టి దున్నించేశాడు. తాతల నాటి నుంచీ మా గొర్రెలూ, ఊళ్లోవాళ్ల గొడ్లూ మేసే బీడు అది. మాకు సెంటు భూమి లేదు. ఆ బీడు పోతే గొర్రెల్ని పత్తికొండ సంతకు తోలి అమ్ముకోవలసిందే.

కర్నూలు రాజధాని అయిన కొత్తలో సంగతి ఇది. బంజరు సాగు చేసుకుంటున్నవాళ్లకు పట్టాలిస్తారనీ, పశువుల మేత బీడైతే మాత్రం ఎవరికీ ఇవ్వరనీ ఊళ్లో చెప్పుకున్నారు. అది చేనో బీడో తేల్చడానికి తాసిల్దారే స్వయంగా వస్తాడన్నారు. అందుకే శివన్నకు అంత తొందర.

"ఉరుకుందూ, నీ మంద నా చేన్లో కట్టప్పా. రాత్రికింత అని జొన్నలు కొలుస్తా" అన్నాడు మా ఆయనతో.

మా పక్క మంద కట్టడమంటే అందరికీ తెలుసు. గొర్రెల్ని రాత్రిపూట ఒకరి చేన్లో పడుకోబెడితే, ఆ ఎరువుకు చేను గలాయన గింజలు కొలుస్తాడు. ఊరి బీట్లో పడుకుంటే ఎవరూ చారెడు కూడా ఇవ్వరు. కాబట్టి గింజలిచ్చి మంద కట్టించుకుంటున్నాడంటే అది చేనేనని తాసిల్దారు కూడా ఒప్పుకోవలసిందే. ఎంత తెలివో చూడండి! మా బీడు మాకు లేకుండా చెయ్యడానికి మా గొర్రెలే కావలసి వచ్చాయి ఆ పెద్దమనిషికి.

"నీ చేనా? అదెప్పుడు పుట్టిందప్పా?" అన్నాను, చీపురు కోసం చూస్తూ.

మా ఆయన ఉరుకుందప్ప నెమ్మదస్తుడని ఊళ్లో పేరు. నన్నడిగితే చేతకానివాడంటాను. "జొన్నలు మంచియేనా?" అని అడిగాడు.

శివన్న వెళ్లగానే ఎగిరిపడ్డాను. "నీకు మతి ఉండాదా? బీడు పాయ, దానికి ఎరువు గూడా మనమే ఏయల్లనా?"

"మనం కట్టకుంటే ఇంకొకని మంద పిలుస్తాడు. గొర్రెలు యాడో ఒక చోట పండుకోవల్ల గదే?"

రోజూ ఆ జొన్నలతో సంగటి కెలుకుతున్నంతసేపూ తిడుతూనే ఉన్నాను. తిన్నానా అంటే తిన్నాను, అది వేరే సంగతి.

తాసిల్దారు వస్తానన్న రోజున రాలేదు. దారిలో జీపు చెడిపోయిందన్నారు. శివన్న సాయంత్రం దాకా టెంకాయ బొండాలు పెట్టుకుని కూర్చుని, చివరికి మా ఇంటికొచ్చి, "ఇంక మంద వద్దప్పా, బేరం అయిపాయ. గుట్ట కింద ఎరువు నిండుగా ఉండాది" అని చెప్పిపోయాడు. ఇన్నాళ్లూ ఇచ్చిన జొన్నలు తలుచుకుని ఆ మనిషికి కడుపు మండుతున్నట్టుంది.

మరునాడు పొద్దు వాలాక ఊడిపడింది జీపు. నేనూ పరుగెత్తాను. తాసిల్దారు దున్నిన చాళ్లలో నడిచి, బూటుతో పెంటికలు కదిపి చూశాడు. పక్కన ఆయన బంట్రోతు, దఫేదారు ఖాసిం వలి గొడుగు పట్టుకుని నిలబడ్డాడు.

"ఇది మేం మేపుకొనే బీడు దొరా!" అన్నాను.

"దాని మాట నమ్మొద్దు సామీ. మా నాయన కాలం నుంచి సేద్యం చేస్తాండాం. చేను గాబట్టే గింజలిచ్చి మంద కట్టించినా" అన్నాడు శివన్న.

సరిగ్గా అప్పుడే వచ్చాయి మా గొర్రెలు. ఆ పూట వంక అవతల పడుకోబెడదామని మా ఆయన వాటిని అటు తోలుకుపోయాడు. కానీ పొద్దుగూకితే అలవాటైన చోటికే కదా వాటి కాళ్లు పోయేది! మా పొట్టేలు ముందు నడిచింది, మంద వెనకాలే వచ్చింది, అందరికన్నా వెనక మా ఆయన "హేయ్, హేయ్" అని రొప్పుకుంటూ వచ్చాడు. అవి తాసిల్దారు చుట్టూ చేరి, అత్తారింట్లో అల్లుళ్లలాగా దర్జాగా పడుకుని నెమరేయడం మొదలుపెట్టాయి.

శివన్న మొహం వెలిగిపోయింది. "చూడండి సామీ! చెప్పకుండానే వచ్చినాయి!"

"నిజమే. బీట్లో ఎవరూ మంద కట్టించుకోరు. ఇది పొలమే" అని తాసిల్దారు కలం తీశాడు.

నేను పెంచిన గొర్రెలే నాకు ఎదురు సాక్ష్యం చెప్పాయి. ఇంక సంత దారే అనుకున్నాను. ఆ బాధలో ఎక్కడలేని కోపమూ వచ్చింది.

"పోతే పాయ! చేను నీదేలే! అయితే ఈ రాత్రికి జొన్నలు కొలువు!" అని అరిచాను.

శివన్న ఉలిక్కిపడ్డాడు. "యాటి జొన్నలు? బేరం నిన్నటితో అయిపాయ గదా. ఈ పొద్దు నేను పిల్చినానా?"

"పిల్చకుంటే లేపి తోలు మళ్లా!"

లేపుతాడా? ఊరికే పడే ఎరువును ఏ రైతు తోలుకుంటాడు? లేపడానికి చెయ్యి రాలేదు, కొలవడానికి మనసు రాలేదు. అటూ ఇటూ చూశాడు.

మా ఆయన అప్పటికి ఊపిరి తీసుకుని నోరు తెరిచాడు. "పిల్చినా పిల్చకపోయినా, నీ చేన్లో పండుకుంటే నువ్వే కొలవల్ల శివన్నా. అది ఊరి కట్టుబాటు."

"నా చేనెట్లయితాదిరా?" శివన్న గొంతు చించుకున్నాడు. "ఇది ఊరుమ్మడి బీడు! మొన్న నేను మడక పెట్టేదాకా గడ్డి తప్ప ఏముండె ఈడ? బీట్లో గొర్రెలు పండుకుంటే ఎవుడన్నా జొన్నలిస్తాడా?"



తాసిల్దారు తల తిప్పాడు. "విన్నావా ఖాసిం?"

"విన్యా సార్. ఊరంతా వినింటాది" అన్నాడు దఫేదారు గొడుగు ముడుస్తూ.

శివన్న చెయ్యి నోటి దగ్గరకు పోయింది గానీ, పోయిన మాటను ఏం పట్టుకుంటాడు? తాసిల్దారు మేత బీడని రాసుకుని జీపెక్కాడు. నేను అక్కడే మా పొట్టేలు మెడ పట్టుకుని కూలబడి, పిచ్చిదానిలా నవ్వుతూ ఏడ్చాను.

మా ఆయన తలగుడ్డతో మొహం తుడుచుకున్నాడు. "అయితే ఈ రాత్రి జొన్నలు?" అన్నాడు.

"నోరు మూసుకో. మన బీట్లో మన గొర్రెలు పండుకున్యాయి. ఎవుర్ని అడుగుతావు?"