గడ్డం చిన్నదట

అండమాన్‌లోని డిగ్లీపూర్ డాక్టరు పెద్ద స్కానింగ్ రాసిస్తే, కామమ్మ కడుపుతో ఉన్న కోడలు చిట్టితల్లిని బస్సెక్కించి పోర్ట్ బ్లెయిర్ తీసుకొచ్చింది. డాక్టరమ్మ తెరమీద బిడ్డ ముఖాన్ని పక్కనుంచి చూస్తూ గీతలు గీసి కోణం కొలిచింది. మళ్లీ కొలిచింది. చిట్టితల్లితో హిందీలో ఏదో చెప్పింది. కామమ్మకు చేపలు అమ్మేంత హిందీ వచ్చు, డాక్టర్లతో మాట్లాడేంత రాదు.

"ఏటంతందే?"

"గడ్డం చిన్నదంట అత్తా."

కామమ్మ ముఖం వెలిగిపోయింది. ఆడో మగో చెప్పకూడదని గోడమీద బోర్డుంది కదా, చదువుకున్న మనిషి నేరుగా చెబుతుందా? వరండాలోకి వచ్చి కొడుకు పైడిబాబుకి ఫోన్ చేసింది.

"మగోడేరా! గడ్డం కూడా వొచ్చీసింది. సిన్నదేలే, పెరుగుద్ది."

పైడిబాబు పడవ మీద ఉన్నాడు. గాలి హోరులో మగోడన్న ముక్కే వినబడింది. అతనికి అది చాలు.

తిరిగి చూస్తే కోడలు బెంచీ మీద కూర్చుని ఏడుస్తోంది.

"మగబిడ్డంటే ఏడుస్తావేటే? సోద్దెం కాకపోతే!"

చిట్టితల్లి తన గడ్డం పట్టుకుని చూపించింది. "ఎంట్రుకలు కాదత్తా, ఈ ఎముక. దవడ ఎనక్కుండిపోనాదంట. పుట్టగానే నాలిక గొంతుకి అడ్డం పడి ఊపిరాడకపోవచ్చంట. పిల్లల డాక్టరు పక్కనుండాలంట, పురుడిక్కడే పోయాలంట."

డిగ్లీపూర్‌లో తన కళ్లముందే పురుడు జరగాలని పంతం పట్టిన మనిషి కామమ్మ.

"కొలత తప్పీసిందేమోనే."

"రెండుసార్లు కొలిసింది గదత్తా."

కామమ్మ పోర్ట్ బ్లెయిర్‌లోనే, గోల్ ఘర్‌లో తన చెల్లెలు యర్రమ్మ ఇంట్లో మకాం పెట్టింది. ఉండమంటావా అని అడగలేదు, ఉంటున్నామని చెప్పింది. అప్పటినుంచి ఎవరు ఎదురైనా ముందు గడ్డమే చూసేది. యర్రమ్మ మొగుడికి గడ్డం బాగానే ఉంది, బుద్ధే లేదని తేల్చింది.

నెలలు నిండి చిట్టితల్లికి నొప్పులొచ్చాయి. పురిటిగది తలుపు మూశారు. లోపల కేకలు ఆగాయి గానీ బిడ్డ ఏడుపు వినబడలేదు. కామమ్మ తలుపు బాదింది. ఎవరూ తీయలేదు. మళ్లీ బాదింది. ఎంతకో తెలుగొచ్చిన నర్సు సుష్మ బయటికొచ్చింది.

"ఆడపిల్ల పిన్నీ."

"అదెవులడిగినారే నిన్ను? ఊపిరి తీస్తందా?"

"నాలుక గొంతుకి అడ్డం పడకుండా బోర్లా పడుకోబెట్టాం. తీస్తోంది."

కామమ్మ నేలమీద చతికిలబడి, బిడ్డ ఏడవాల్సిన ఏడుపంతా తానే ఏడ్చింది.